గేజ్ ముల్లు లేవకపోతే పంపును తిట్టకండి: డ్రాగ్ ఇంజిన్ క్రాంక్‌కేస్‌లోకి గాలి చొరకుండా సీల్ చేయడం ఎలా

ఆయిల్ కారే ఇంజిన్‌ని పట్టుకోవడం తేలిక. పొద్దున కారు వెనక్కి తీయగానే నేల మీద మచ్చ కనిపిస్తుంది. అక్కణ్ణుంచి పైకి చూసుకుంటూ పోతే కారే చోటు దొరుకుతుంది. తిన్నటి క్వార్టర్ మైల్ దారిలో పందేలాడే డ్రాగ్ కారు ఇంజిన్‌కి, క్రాంక్‌కేస్‌లోంచి (క్రాంక్ షాఫ్టు తిరిగే కింది గదిలోంచి) గాలి తోడే వాక్యూమ్ పంపు బిగిస్తే అది అలా దొరకదు. దాని లోపల పీడనం బయటికంటే తక్కువ కాబట్టి, కంత ఉన్నచోట ఆయిల్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. ఇంజిన్ చూస్తే తుడిచి పెట్టినట్టు పొడిగా ఉంటుంది. అది చూసి సీలింగ్ బ్రహ్మాండంగా కుదిరిందని మురిసిపోతాం. వాక్యూమ్ గేజ్‌లో ముల్లు మాత్రం 12 అంగుళాలు (పాదరసం అంగుళాలు) చూపించాల్సింది 6 దగ్గరే ఆగిపోతుంది.

డాలస్ దగ్గర ఒక స్నేహితుడి గరాజ్‌లో మేం కట్టుకున్న 406 ఘనపుటంగుళాల స్మాల్ బ్లాక్ షెవీతో (షెవర్లే వాళ్ల చిన్న వీ8 ఇంజిన్) నాకు సరిగ్గా ఇదే జరిగింది. తెలిసిన షాపులో అడిగితే, పంపు చాలడం లేదు, పుల్లీ మార్చి ఇంకా వేగంగా తిప్పమన్నారు. తిప్పాం. ముల్లు 6 నుంచి 7కి వచ్చింది. రెండు వారాంతాలు గడిచాక పంపులో వేన్ (లోపల తిరిగే రెక్క) విరిగింది. తీరా చూస్తే గాలి దూరుతున్నది డిప్‌స్టిక్ గొట్టంలోంచి, క్రాంక్ ముందు కొసన ఉండే బ్యాలెన్సర్ చక్రం కీ గాడిలోంచి. పది డాలర్ల సామానుతో పోయే జబ్బుకి అన్ని వందల పంపు బలైపోయింది. అప్పటినుంచి నేను వరస మార్చుకున్నాను: సీలింగ్ పని పూర్తయ్యాకే పంపు గురించి ఆలోచిస్తాను. మీకూ ఆ వరసలోనే చెబుతాను. ఉదాహరణలన్నీ స్మాల్ బ్లాక్ షెవీవే. 1955 నుంచి ఉన్న ఇంజిన్ కదా, అమెరికాలో ఏ డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్లినా వరసలో నాలుగైదు కనబడతాయి. మీది వేరే ఇంజిన్ అయినా కంతలుండే చోట్లు దాదాపు ఇవే.

ఇంత తంటా ఎందుకంటే

పిస్టన్ రింగులు ఎంత మంచివైనా, పైన మండే గ్యాసులో కొంత వాటి పక్కనుంచి కిందికి జారుతుంది. దాన్నే బ్లో-బై అంటారు. రోడ్డు మీద తిరిగే కారులో దాని సంగతి పీసీవీ వాల్వ్ చూసుకుంటుంది, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోని వాక్యూమ్‌తో దాన్ని పీల్చేస్తుంది. డ్రాగ్ కారు నడిచేదే ఫుల్ థ్రాటిల్ మీద. అప్పుడు మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉండదు, పీసీవీకి పీల్చే బలమూ ఉండదు. ఆ గ్యాసంతా కింద పోగై సీళ్లని బయటికి తోస్తుంది. పాతరోజుల్లో క్రాంక్‌కేస్ నుంచి ఎగ్జాస్ట్ హెడర్‌కి చెక్ వాల్వ్‌తో గొట్టం అతికించి, పొగ పోయే వేగంతోనే పీల్పించేవాళ్లు. ఓపెన్ హెడర్లుంటే అది కాస్త పనిచేస్తుంది. మఫ్లర్ పెడితే ఆ కాస్తా పోతుంది. ఇప్పుడు మామూలుగా వాడేది క్రాంక్ పుల్లీ నుంచి బెల్టుతో తిరిగే వేన్ పంపు. మొరోసో, స్టార్ మెషీన్, జీజెడ్ మోటర్‌స్పోర్ట్స్ లాంటివాళ్లు వీటిని చేస్తారు.

కింద వాక్యూమ్ ఉంటే రింగులు తమ గాడిలో కదలకుండా కూర్చుంటాయి. దాంతో తక్కువ టెన్షన్ ఆయిల్ రింగులు (గోడను తక్కువ బలంతో నొక్కేవి) వాడే వీలొస్తుంది, సిలిండర్ గోడమీద రాపిడి తగ్గుతుంది. ఆయిల్ పైకెక్కి మండటం తగ్గుతుంది కాబట్టి డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) భయమూ తగ్గుతుంది. నిజమైన లాభం ఈ తక్కువ టెన్షన్ రింగుల దగ్గరే ఉంది. మామూలు రింగులున్న రోడ్డు ఇంజిన్‌కి పంపు పెట్టి పెద్దగా బావుకునేదేమీ లేదు. ఆ డబ్బు టైర్లకు పెట్టుకోండి.

ఎంత వాక్యూమ్ కావాలి? మామూలు ఆయిల్ ప్యాన్ ఉన్న వెట్ సంప్ ఇంజిన్‌కి 10 నుంచి 14 అంగుళాల మధ్య చాలు. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం మొత్తం 29.92 అంగుళాలు. డ్రై సంప్ (ఆయిల్ విడి ట్యాంకులో ఉండే రకం) ఉన్నవాళ్లు 18, 20 దాటి కూడా లాగుతారు. వెట్ సంప్‌తో వాళ్ల దారిలో వెళ్లకండి. ఆయిల్ పంపు పికప్‌లోకి ఆయిల్‌ని పైకి నెట్టేది ప్యాన్‌లో ఆయిల్ మీదున్న గాలి పీడనమే. 12 అంగుళాల వాక్యూమ్ లాగారంటే ఆ నెట్టే బలంలో దాదాపు 6 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మీరే తీసేశారన్నమాట. ఇంకా లాగితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. పిస్టన్ పిన్నులకు, వాల్వ్ స్ప్రింగులకు చేరే ఆయిల్ తుంపర కూడా తగ్గుతుంది. పిన్నులకు విడిగా ఆయిల్ చేరే ఏర్పాటు లేని ఇంజిన్‌లో 15 దాటనివ్వకండి.

కంతలకూ గేజ్‌కూ లెక్క సులువు. పంపు నిమిషానికి కొంత గాలిని మాత్రమే బయటికి తోడగలదు. బ్లో-బై, బయటినుంచి దూరే గాలి కలిపి ఎంత లోపలికి వస్తోందో, దాన్ని తోడటానికి సరిపోయే దగ్గర ముల్లు ఆగుతుంది. చిల్లుల బిందెకు మోటారు పెట్టి నీళ్లు పట్టినా నిండేది కొంతే. పైగా ఆ దూరే గాలికి ఫిల్టర్ ఉండదు. బర్నౌట్ (టైర్లు వేడెక్కడానికి నిలబడ్డచోటే చక్రాలు తిప్పడం) దగ్గర లేచే రబ్బరు ధూళంతా సీల్ పెదవి పక్కనుంచి నేరుగా బేరింగుల దగ్గరికి పోతుంది. హార్స్‌పవర్ సంగతి పక్కన పెట్టినా, సీలింగ్ చేయడానికి ఈ ఒక్క కారణం చాలు.

మొదటి పని: పంపును విడిగా చూడటం

ఇంజిన్‌ని అనుమానించే ముందు పంపును తీసి బల్లమీద పెట్టి, లోపలికి పీల్చే మూతికి గేజ్ నేరుగా బిగించి, డ్రిల్ మెషీన్‌తో తిప్పి చూడండి. అది తిరిగే దిశ చూసుకోండి. వేన్లకు రెండు చుక్కల ఆయిల్ వేయండి, పొడిగా ఎక్కువసేపు తిప్పకండి. ముల్లు చకచకా పైకి లేస్తే పంపు మంచిదే, తప్పు ఇంజిన్‌లో ఉంది. గొట్టాలు, వాటి ఫిట్టింగులు కూడా ఇప్పుడే చూసేయండి. పీల్చే వైపు గొట్టం మెత్తటిదైతే వాక్యూమ్‌కి నొక్కుకుపోతుంది. పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర మాత్రం మూసుకుపోయి ఉంటుంది.

క్రాంక్ వెనక సీల్

ఆయిల్ సీల్ పెదవిని ఒకసారి వేలితో వంచి చూడండి. అది ఇంజిన్ లోపలి వైపుకు తిరిగి ఉంటుంది. లోపల పీడనం ఉంటే అది పెదవిని షాఫ్టుకు ఇంకా గట్టిగా నొక్కుతుంది, ఆయిల్ ఆగుతుంది. ఆ సీల్‌ని అందుకోసమే చేశారు. మనం లోపల వాక్యూమ్ పెట్టామంటే అంతా తిరగబడుతుంది. ఇప్పుడు పీడనం బయటివైపు ఉంది, అది పెదవి వీపు మీద నొక్కి షాఫ్టు నుంచి పైకి లేపుతుంది. కొత్త సీల్ అయినా, ఎంత ఖరీదైనదైనా, తీరు ఇంతే.

అందుకని వెనక సీల్‌కి వాక్యూమ్ కోసమే చేసిన, రెండు వైపులా పెదవులున్న రకం కొనండి. 1985 వరకు వచ్చిన స్మాల్ బ్లాకుల్లో ఈ సీల్ రెండు ముక్కలుగా ఉంటుంది. 1986 నుంచి ఒకే ముక్క. రెండు ముక్కల రకంలో అసలు గొడవంతా ఆ ముక్కలు కలిసే చోటే. రెండు కొసలూ బ్లాకు, క్యాపు కలిసే గీత మీదే వచ్చేలా పెట్టకండి. ఒక వైపు సుమారు 10 మిల్లీమీటర్లు బయటికి ఉండేలా, రెండో వైపు అంతే లోపలికి ఉండేలా తిప్పి పెట్టండి. కొసల మీద గోరు మొనంత సీలెంట్ చాలు. క్యాపు, బ్లాకు కలిసే ముఖం మీద, సీల్ గాడికి వెనక భాగంలో అనెరోబిక్ సీలెంట్ (గాలి తగలనిచోట గట్టిపడేది) పల్చగా పూయండి. అక్కడ సిలికాన్ వాడొద్దు, అది మందంగా ఉండి క్యాపుని సరిగా కూర్చోనివ్వదు. బేరింగ్ వైపుకు సీలెంట్ పాకకుండా చూడండి.

ఇదే సమయంలో క్రాంక్ వెనక ఫ్లాంజ్ బోల్టు కంతలు చూడండి. కొన్ని ఇంజిన్లలో, షెవీ తర్వాతి తరం ఎల్‌ఎస్ రకం అందులో ఒకటి, అవి లోపలిదాకా తెరిచి ఉంటాయి. ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంక్ వెనక బిగించే పలక) బోల్టుల మరలకు సీలెంట్ పూయకపోతే ఆరు కంతలు వదిలేసినట్టే. బ్లాకు వెనక క్యామ్ షాఫ్టు ప్లగ్ ఒకటుంటుంది. బెల్‌హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు డొప్ప) చాటున ఉంటుంది కాబట్టి ఇంజిన్ బండిలో కూర్చున్నాక దాన్ని చూడలేరు. ఇప్పుడే చుట్టూ సీలెంట్‌తో కొట్టి బిగించండి.

ముందు వైపు

టైమింగ్ కవర్ సీల్ విషయంలో చాలామంది చేసే పని సీల్‌ని తిరగేసి కొట్టడం. పెదవి బయటివైపు చూస్తుంది కాబట్టి వాక్యూమ్ దాన్ని షాఫ్టుకే నొక్కుతుంది. పని చేస్తుంది. కానీ రన్ మధ్యలో పంపు బెల్టు తెగిందంటే లోపల పీడనం పెరిగి, అదే సీల్ దగ్గర ఆయిల్ బయటికి తన్ని వెనక టైరు మీద పడుతుంది. క్వార్టర్ మైల్ చివర్లో అది మీకు వద్దు. అందుకే ముందు కూడా రెండు పెదవుల సీల్ వైపే నా మొగ్గు. దొరక్కపోతేనే తిరగేయండి. తిరగేసినప్పుడు బెల్టును ప్రతి రేసుకీ ముందు చూసుకోండి.

ఇప్పుడు మేం మోసపోయిన చోటు. బ్యాలెన్సర్ క్రాంక్ మూతి మీద గట్టిగా కూర్చుంటుంది, దాని బయటి గొట్టం మీద సీల్ పెదవి ఆనుతుంది. సీల్ బాగుంది, గొట్టం నునుపుగా ఉంది, ఇంకేం కావాలనుకుంటాం. బ్యాలెన్సర్‌కి, క్రాంక్‌కి మధ్య కీ కూర్చునే గాడి మాత్రం ఆ చివర నుంచి ఈ చివర దాకా పొడుగునా తెరిచే ఉంటుంది. సీల్‌తో దానికి సంబంధమే లేదు, గాలి దాని కిందినుంచి పోతుంది. బ్యాలెన్సర్ ఎక్కించే ముందు గాడి చివర కీ వెనక చిన్న సిలికాన్ ముద్ద పెట్టండి. బోల్టు వాషర్ కింద కూడా పల్చగా రాయండి. అయిదు నిమిషాల పని. ఆ పని చేశాకే మా ముల్లు 9 దాటింది.

టైమింగ్ కవర్ రేకుదైతే దాన్ని పక్కన పెట్టి అల్యూమినియం పోతది కొనండి. రేకు వాక్యూమ్‌కి లోపలికి వంగుతుంది, అంచులు లేస్తాయి. క్యామ్ బెల్ట్ డ్రైవ్ పెట్టుకున్నవాళ్లకు క్యామ్‌కి మరో సీల్ ఉంటుందని మరచిపోకండి, దానికీ పెదవి సమస్య అదే.

బ్లాకు ముందు భాగంలో, ప్రయాణికుడు కూర్చునే వైపు, మెకానికల్ ఫ్యూయల్ పంపు ఉండే చోటు ఒకటుంటుంది. ఎలక్ట్రిక్ పంపు వాడేవాళ్లు దానికి పలక పెట్టి మూస్తారు, అంతవరకు బాగానే ఉంది. బ్లాకు ముందు ముఖం మీద ఆ పంపు పుష్‌రాడ్ కంతలోకి పోయే ఒక బోల్టు రంధ్రం ఉంటుంది. బోల్టు లేకుండా వదిలేస్తే క్రాంక్‌కేస్‌లోకి నేరుగా కిటికీ తెరిచినట్టే. ఇంజిన్ మౌంటు బోల్టో, బ్రాకెట్ బోల్టో దాన్లో ఉంటే మరలకు సీలెంట్ పూయండి. పొట్టి బోల్టు వాడండి, పొడుగుదైతే పుష్‌రాడ్‌ని పట్టేస్తుంది.

ఆయిల్ ప్యాన్

ఇక్కడ ఎక్కువ చెప్పేదేమీ లేదు. లోపల స్టీలు రేకు ఉన్న ఒకే ముక్క రబ్బరు గ్యాస్కెట్ వాడండి. నాలుగు ముక్కల కార్క్ సెట్ వద్దు. పాత ప్యాన్ అయితే బోల్టు కంతల దగ్గర అంచు పైకి లేచి ఉంటుంది. ఇనుప చెక్క మీద పెట్టి సుత్తితో చదును చేసి, గాజు పలక మీద బోర్లించి సందులున్నాయో చూడండి. నాలుగు మూలల్లో, అంటే టైమింగ్ కవర్, వెనక క్యాపు కలిసే చోట్ల, చిటికెడు సిలికాన్ పెట్టండి. డ్రెయిన్ ప్లగ్‌కి రాగి వాషర్ కొత్తది వేయండి.

ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్: ఇంటి దొంగ

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇన్‌టేక్ గ్యాస్కెట్ కింది అంచు అలాంటిది. పైఅంచు లీకైతే బయటికి చప్పుడు వినిపిస్తుంది, ఏదైనా స్ప్రే కొడితే ఇంజిన్ మాట మారుతుంది. కింది అంచు లిఫ్టర్ లోయలోకి, అంటే క్రాంక్‌కేస్ లోపలికే తెరుచుకుని ఉంటుంది. బయట ఎంత వెతికినా ఏమీ దొరకదు.

ఫుల్ థ్రాటిల్ మీద ఇన్‌టేక్ పోర్టులో పీడనం దాదాపు బయటి గాలంత ఉంటుంది, కింద 12 అంగుళాల వాక్యూమ్ ఉంటుంది. ఆ సందులోంచి పోర్టులోని పెట్రోలు కలిసిన గాలి కిందికి లాగేసుకుపోతుంది. వాక్యూమ్ పోవడం ఒక నష్టం. ఆ సిలిండర్‌కి చేరాల్సిన సరుకు తక్కువ పడటం రెండో నష్టం. పెట్రోలు ఆయిల్లో కలవడం మూడోది. ఆయిల్ తీసినప్పుడు పెట్రోలు వాసన కొడుతుంటే కార్బురేటర్‌ని తిట్టే ముందు ఇక్కడ చూడండి.

హెడ్డుల్ని, బ్లాకుని మిల్లింగ్ చేయించాక మ్యానిఫోల్డ్ కోణం సరిపోతోందో లేదో చూసుకోవాలి. గ్యాస్కెట్లు లేకుండా మ్యానిఫోల్డ్‌ని దింపి, రెండు వైపులా పైనా కిందా ఫీలర్ గేజ్ పెట్టి చూడండి. పైన దూరక కింద దూరితే ఎంత బిగించినా కింది అంచు నొక్కుకోదు. మ్యానిఫోల్డ్ ముఖాన్ని మెషీన్‌లో సరిచేయించాల్సిందే. మందంగా సిలికాన్ పూసి సర్దుకుందామని చూడకండి, పెట్రోలు దాన్ని ఉబ్బించి తినేస్తుంది.

ముందూ వెనకా బ్లాకు గట్ల మీద పెట్టమని సెట్‌లో రబ్బరు ముక్కలిస్తారు. వాటిని చెత్తబుట్టలో వేయండి. వాక్యూమ్‌కి అవి లోపలికి జారిపోతాయి. గట్టుని బ్రేక్ క్లీనర్‌తో నూనె అంటకుండా తుడిచి, సెంటర్ పంచ్‌తో అక్కడక్కడ చిన్న గుంటలు కొడితే సిలికాన్‌కి పట్టు దొరుకుతుంది. సుమారు 6 మిల్లీమీటర్ల మందం తాడులా సిలికాన్ వేయండి, రెండు చివరలూ గ్యాస్కెట్ మూలల మీదికి కాస్త ఎక్కనివ్వండి. పది నిమిషాలాగి, పైపొర కట్టాక మ్యానిఫోల్డ్‌ని నిటారుగా దింపండి. దింపాక అటూ ఇటూ జరపడం కుదరదు. ఇద్దరు మనుషులుండటం మంచిది. ఒకరోజంతా ఆరనివ్వండి. అదే సాయంత్రం స్టార్ట్ చేద్దామన్న ఆత్రం వల్ల నేను రెండోసారి మ్యానిఫోల్డ్ విప్పాను.

మ్యానిఫోల్డ్ బోల్టుల్లో కొన్నిటి కొసలు పుష్‌రాడ్ల వైపు తెరుచుకుంటాయి. ఏవేవో గుర్తుపెట్టుకోవడం దండగ, అన్నిటికీ మరల సీలెంట్ పూయండి. మరొకటి: కొన్ని అల్యూమినియం హెడ్డుల్లో ఇన్‌టేక్ రాకర్ల (వాల్వుల్ని నొక్కి తెరిచే మీటలు) స్టడ్ల కంతలు పోర్టులోకి దిగుతాయి. అక్కడా సీలెంట్ లేకపోతే ఇదే దొంగతనం ఇంకో దారిలో జరుగుతుంది. ఇన్‌టేక్ వాల్వ్ గైడ్ సీళ్లు అరిగిపోయి ఉంటే అదీ అంతే.

వాల్వ్ కవర్లు

చిన్న లెక్క చేద్దాం. వాల్వ్ కవర్ సుమారు 18 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు. అంటే 90 చదరపు అంగుళాలు. 12 అంగుళాల వాక్యూమ్ అంటే చదరపు అంగుళానికి దాదాపు 5.9 పౌండ్ల బరువు. మొత్తం 530 పౌండ్లు, కిలోల్లో 240. ఒక్కో కవర్ మీద దాదాపు అయిదు బియ్యం బస్తాలు ఎక్కించినట్టు. క్రోమ్ రేకు కవర్ అయితే మధ్యలో సొట్టపోయి అంచులు పైకి లేస్తాయి. మందపాటి అంచున్న పోత కవర్లు గానీ, మందం రేకుతో వెల్డ్ చేసినవి గానీ వాడండి.

గ్యాస్కెట్ మధ్యలో స్టీలు ఉన్న రబ్బరు రకం కావాలి. ఉత్త కార్క్‌నీ, మెత్తటి రబ్బరునీ వాక్యూమ్ లోపలికి లాగేస్తుంది. గ్యాస్కెట్‌ని కవర్‌కి మాత్రమే అతికించండి, హెడ్ వైపు పొడిగా వదిలేయండి. వాల్వ్ లాష్ (రాకర్‌కి, వాల్వ్‌కి మధ్య సందు) సరిచూడటానికి రేసు రోజున నాలుగుసార్లు విప్పాల్సి రావచ్చు. కవర్ స్టడ్ల కింద సీలింగ్ వాషర్లు వేయండి. రబ్బరు గ్రామెట్‌లో నొక్కిపెట్టే బ్రీదర్లు, ఆయిల్ మూతలు అన్నీ తీసేయండి. వాటి చోట ఓ-రింగ్ ఉండి మరతో బిగుసుకునే మూత ఒక్కటి చాలు.

డిస్ట్రిబ్యూటర్, డిప్‌స్టిక్, మిగతావి

డిస్ట్రిబ్యూటర్ దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి దాని ఫ్లాంజ్ కింద, దానికి మంచి గ్యాస్కెట్ చాలు. రెండోది క్యాప్ లోపలి నుంచి, షాఫ్టు, బుష్ మధ్యగా కిందికి. ఫ్లాంజ్ చుట్టూ ఎంత సిలికాన్ పూసినా ఈ రెండో దారి మూసుకోదు. బుష్ అరిగిందంటే డిస్ట్రిబ్యూటర్ మార్చాల్సిందే.

డిప్‌స్టిక్ గొట్టం బ్లాకులోకి దిగే చోట, కర్ర గొట్టంలోకి దిగే చోట, రెండు చోట్లా గాలి పోతుంది. ఓ-రింగులుండి తిప్పితే లాక్ అయ్యే డిప్‌స్టిక్ కొనండి. లేదా బ్లాకు కంతకు ప్లగ్ కొట్టి, ఆయిల్ లెవెల్ చూసుకోవడానికి ప్యాన్‌కి పక్కన ప్లగ్ పెట్టించుకోండి. నా ఓటు రెండోదానికి.

పంపు పీల్చే మూతి ఒక వాల్వ్ కవర్ మీద, రాకర్ల ఆయిల్ నేరుగా చిందని చోట, కింద అడ్డురేకుతో ఉండాలి. రెండో కవర్ మీద రిలీఫ్ వాల్వ్ పెట్టండి. సీలింగ్ నిజంగా బాగా కుదిరిందంటే పంపు 14 దాటి లాగొచ్చు, అప్పుడు దాన్ని ఆపేది ఈ వాల్వే. కంతలే రిలీఫ్ వాల్వ్‌లా పనిచేస్తున్న ఇంజిన్‌కి దీని అవసరం పడదు, అందుకే చాలామంది పెట్టరు.

స్టార్ట్ చేయకముందే పరీక్ష

కట్టిన ఇంజిన్‌లో వాక్యూమ్ నిలబడుతుందో లేదో చూడాలంటే ఒక చిక్కుంది. ఎప్పుడూ ఏదో ఒక సిలిండర్ వాల్వ్ తెరిచి ఉంటుంది. అందులోంచి వచ్చే గాలి రింగుల సందుల్లోంచి కిందికి దిగుతుంది. మీ సీలింగ్ ఎంత బాగున్నా ముల్లు పడిపోతుంది. దీనికి నేను పాటించే చిట్కా రాకర్లన్నీ వదులు చేయడం. అప్పుడు అన్ని వాల్వులూ మూసుకుంటాయి. స్పార్క్ ప్లగ్గులు బిగించి, కవర్లు తిరిగి పెట్టండి. ఇప్పుడు ముల్లు పడిపోతే తప్పంతా మీ సీలింగ్‌దే.

పంపు గొట్టంలో ఒక బాల్ వాల్వ్ పెట్టి, డ్రిల్‌తో పంపు తిప్పి 10 అంగుళాలు లాగి, వాల్వ్ మూసి చూడండి. మొదట ముల్లు కాస్త తగ్గుతుంది, సిలిండర్లలోని గాలి కూడా కిందికి సర్దుకుంటుంది కాబట్టి. మళ్లీ లాగండి. ఆ తర్వాత ఎంత వేగంగా పడుతోందో ఫోన్లో టైమర్ పెట్టి రాసుకోండి.

కంత ఎక్కడుందో పట్టుకోవడానికి షేవింగ్ నురగ చాలు. అతుకుల మీద పల్చగా పూయండి. గాలి దూరే చోట నురగలో చిన్న గుంట పడి లోపలికి పోతుంది. మూల మూలకీ తిరిగి వినడానికి సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని రెండో కొస అతుకుల వెంట నడపండి. చుట్టుపక్కల రేడియో, కంప్రెసర్ ఆపేయండి.

సబ్బునీళ్ల పద్ధతి తెలిసిన చాలామంది గాలి లోపలికి ఎక్కించి బుడగలు చూస్తారు. రెగ్యులేటర్‌తో 1, 2 పీఎస్‌ఐ దాటకుండా చేస్తే గ్యాస్కెట్ల వరకు అది మంచిదే. సీళ్లకు మాత్రం అది పనికిరాదు. పీడనం పెడితే మామూలు సీల్ పెదవి షాఫ్టుకు అతుక్కుని బుడగ రాదు. వాక్యూమ్ పెట్టగానే అదే సీల్ లేచిపోతుంది.

ఇంటి దొంగను పట్టడానికి మాత్రం ఇదే మంచి సమయం. రాకర్లు వదులుగానే ఉంచి, కార్బురేటర్ తీసి, క్రాంక్‌కేస్‌లోకి పొగ మెషీన్‌తో పొగ వదలండి. పైనుంచి టార్చి వేసి ఒక్కో పోర్టులోకి చూడండి. వాల్వులన్నీ మూసుకునే ఉన్నాయి కాబట్టి పోర్టులో పొగ కనిపించిందంటే అది గ్యాస్కెట్ అంచు నుంచో, గైడు నుంచో, రాకర్ స్టడ్ మరల నుంచో వచ్చిందే. వేరే దారి లేదు.

ట్రాక్ మీద గేజ్ ఏం చెబుతుంది

లాష్ సరిచేసి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఆయిల్ వేడెక్కాక చూడండి. ఐడిల్‌లోనూ, పై ఆర్‌పీఎంలోనూ, అన్నిచోట్లా తక్కువగానే ఉంటే ఇంకా బయటి కంత మిగిలింది. ఉత్తగా రేజ్ చేసినప్పుడు బాగా ఉండి, రన్‌లో లోడ్ పడగానే పడిపోతుంటే అది బ్లో-బై, రింగుల సంగతి. దాన్ని ఏ సిలికానూ బాగుచేయదు, లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత జారుతోందో కొలవడం) చేయించండి. ఒక ఆర్‌పీఎం దాకా లేచి అక్కడ ఉన్నట్టుండి కిందికి జారితే బెల్టు జారుతోందేమో, సీల్ పెదవి లేస్తోందేమో చూడండి. రన్‌లో గేజ్ వైపు చూసే తీరిక డ్రైవర్‌కి ఉండదు కాబట్టి, డేటా లాగర్‌కి క్రాంక్‌కేస్ ప్రెషర్ సెన్సర్ కలపడం మేలు.

ఊరు మారితే అంకె మారుతుంది, కంగారు పడకండి. డెన్వర్ పక్కన 2023 దాకా నడిచిన బ్యాండిమేర్ స్పీడ్‌వే డ్రాగ్ స్ట్రిప్ 5,800 అడుగుల ఎత్తున ఉండేది. అక్కడ గాలి పీడనం మొత్తం కలిపి 24 అంగుళాల చుట్టుపక్కలే. డాలస్ దగ్గరి ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ స్ట్రిప్ దగ్గర 13 చూపించిన ఇంజిన్ అలాంటి ఎత్తులో తక్కువ చూపిస్తే అది లీకు కాకపోవచ్చు.

రన్ అయ్యాక ఇంజిన్ ఆపగానే ముల్లు సున్నాకి చేరడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి నోటు పుస్తకంలో రాసుకోండి. ఇప్పుడు రాకర్లు పనిలో ఉన్నాయి కాబట్టి ఇది నిలబడి ఉండదు, కొద్ది సెకన్లలో పడిపోతుంది. పక్కవాడి ఇంజిన్‌తో పోల్చి లాభం లేదు, మీ ఇంజిన్‌ని మీ పోయిన వారం అంకెతో పోల్చండి. అయిదు సెకన్లు పట్టేది రెండుకు వచ్చిందంటే, నేనైతే మొదట ఆ వారం విప్పిన వాల్వ్ కవర్ గ్యాస్కెట్ అంచు మీద నురగ పూస్తాను.